తోలుబొమ్మలాట: పేరులో లేని నీడ



మాస్టారి శిష్యులు ఏర్పాటు చేసిన నిధి తరఫున నన్ను ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు ఒకటే షరతు పెట్టారు. భాష గురించి మాట్లాడండి గానీ భాషాశాస్త్రం చదివినవాళ్ళకు మాత్రమే తెలిసేలా మాట్లాడొద్దు అన్నారు. మాస్టారు ఉండి ఉంటే ఆయనా అదే మాట అనేవారు. ధాతువు చూపించి చేతులు దులుపుకుంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. ఆ మాట ఎవరి నోట పుట్టింది, ఏ పని చేస్తున్నప్పుడు పుట్టింది, అప్పటికి దాని పక్కన ఇంకే మాట ఉంది అని నిలదీసేవారు. అందుకని ఇవాళ ఒక్క మాటే పట్టుకుని వచ్చాను: తోలుబొమ్మలాట.

తోలు, బొమ్మ, ఆట. మూడూ పిల్లలకు తెలిసిన మాటలే. సమాసం విప్పడానికి పండితుడి అవసరం లేదు. నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం వేరు. దీపం, తెర, చీకటి ఇన్ని ఉన్న ఆటకు పెట్టిన పేరులో నీడ ఎందుకు లేదు? ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని షాడో పపెట్రీ అంటాయి. వాటిని చూసి రాసిన మన వ్యాసాల్లో ఛాయాబొమ్మలాట అనీ, నీడబొమ్మలాట అనీ కనిపిస్తుంది. ఊళ్ళో అరుగు మీద కూర్చున్నవాళ్ళు అలా అనగా నేను వినలేదు.

బయటి దేశాల పేర్లు ఒకసారి చూద్దాం. జావాలో ఈ కళను వాయాంగ్ కులిత్ అంటారు. కులిత్ అంటే తోలు. వాయాంగ్‌ని నీడ అనే అర్థం ఉన్న బాయాంగ్‌తో కలిపి చూడటం వాడుక. క్రీ.శ. 907 నాటి జావా శాసనంలోనే వాయాంగ్ అనే మాట కనిపిస్తుంది. తర్వాత అది ఎంత విస్తరించిందంటే, నీడతో పనిలేని కొయ్యబొమ్మల ఆట వాయాంగ్ గోలెక్ అయింది, మనుషులే వేషం కట్టి ఆడేది వాయాంగ్ వోంగ్ అయింది. చైనావాళ్ళ పీయింగ్‌లో తోలూ నీడా రెండూ ఉన్నాయి. తుర్కులు ఆట మొత్తానికీ అందులోని విదూషకుడి పేరే పెట్టుకున్నారు: కారగోజ్, నల్లకళ్ళవాడు. జపాన్ బున్రాకు ఒసాకాలో బొమ్మలాటశాల నడిపిన ఉఎమురా బున్రాకుకెన్ పేరు నుంచి వచ్చింది. అంటే ఒక కళకు పేరు పెట్టేటప్పుడు జనం దేన్నైనా పట్టుకోవచ్చు. మనవాళ్ళు తోలును పట్టుకున్నారు.

ముందు ఆ తోలు సంగతి. తమిళంలో, మలయాళంలో తోల్. కన్నడంలో తొగలు, తొవలు, తోలు అని మూడు రూపాలూ ఉన్నాయి, ఆ కన్నడ రూపాలే మనకు దారి చూపిస్తాయి. మధ్యలో ఉన్న గకారం మెత్తబడి వకారమై, చివరికి అదీ జారిపోయి, ముందున్న అచ్చు సాగింది. తొగలు కాస్తా తోలు అయింది. రెండు హ్రస్వాక్షరాల మధ్య హల్లు పోయి దీర్ఘం మిగలడం ద్రావిడ భాషల్లో తరచూ జరిగేదే. తెలుగు క్రియాధాతువుల్లో దీర్ఘాల చరిత్ర మీద భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1955లోనే వ్యాసం రాశారు. అరటిపండు తొక్క కూడా ఈ కుటుంబంలోదే. బండి తోలడం, పశువుల్ని తోలడం అనే తోలు మాత్రం వేరే మాట. తోలేవాడు ఉన్నాడు కాబట్టి తోలుబొమ్మ అని ఎవరైనా వ్యుత్పత్తి చెబితే ముచ్చటగా ఉంటుంది, కన్నడంలో ఇదే ఆటకున్న తొగలు గొంబెయాట అనే పేరు ముందు నిలవదు.

మన తెలుగులో చర్మానికీ తోలుకీ తేడా ఉంది. ఒంటి మీద ఉన్నంతసేపు అది చర్మం. ఒలిచాక తోలు. తోలు తీస్తానని బెదిరించేవాడు ఈ తేడా తెలిసే బెదిరిస్తాడు. ఇంగ్లీషు లెదర్ ఇంకో మెట్టు పైన ఉంది: అది పదును పెట్టినది, చెప్పుకూ పెట్టెకూ పనికొచ్చేది. బొమ్మకు అది పనికిరాదు. పదును పెట్టిన తోలులోంచి వెలుతురు దాటదు. బొమ్మ చేసేవాళ్ళు మేకతోలును నానబెట్టి, వెంట్రుకలూ లోపలి పొరా గీకేసి, బిగలాగి ఎండబెడతారు. ఎండాక అది దాదాపు గాజుకాగితంలా ఉంటుంది. వేలి కొనతో తడితే డప్పు శబ్దం వస్తుంది. దాన్ని లెదర్ అని అనువదించిన రోజునే కొంత సమాచారం పోయింది. 2008లో వచ్చిన భౌగోళిక గుర్తింపులో కూడా ఆంధ్రప్రదేశ్ లెదర్ పపెట్రీ అనే రాశారు. అందులో తోలు అనువాదం సరిగా లేకపోయినా, నీడను మాత్రం చేర్చలేదు. గుమాస్తా ఎవరో గానీ నా పక్షం.

బొమ్మ దగ్గర కాస్త ఆగాలి, ఇక్కడ ఒక ఊబి ఉంది. బ్రహ్మకు పాత తెలుగులో బమ్మ అని తద్భవం. బ్రహ్మజెముడును బొమ్మజెముడు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి సృష్టికర్త పేరే సృష్టించిన వస్తువుకు వచ్చిందని, బొమ్మలు చేసేవాడు చిన్న బ్రహ్మ అని ఉపన్యాసం దంచేయవచ్చు. చప్పట్లు కూడా పడతాయి. కానీ తమిళంలో పొమ్మై, కన్నడంలో బొంబె, గొంబె ఉన్నాయి. ఈ మాటల్ని బ్రహ్మ దగ్గరికి తీసుకెళ్ళడానికి ఆ రూపాలు సహకరించవు. బ్రహ్మను తన పని తాను చేసుకోనిద్దాం.

తమిళ, మలయాళాల్లో బొమ్మకు ఇంకో మాట ఉంది: పావై, పావ. కేరళ తోలుబొమ్మలాట అయిన తోల్పావకూత్తులో ఉన్నది ఆ పావే. తమిళంలో పావై అంటే బొమ్మ, అందమైన ఆడపిల్ల, కంటి నల్లగుడ్డు కూడా. మనం కంటిపాప అంటాం. సంస్కృతంలో కనీనక అంటే చిన్నపిల్ల, కంటిపాప. లాటిన్‌లో ప్యూపా అంటే పిల్ల, బొమ్మ; అందులోంచి ఇంగ్లీషులోకి పపెట్ వచ్చింది, కంటిపాపను చెప్పే ప్యూపిల్ కూడా వచ్చింది. ఎదుటివాడి కంట్లోకి దగ్గరగా చూస్తే మన రూపమే వేలెడంత బొమ్మగా కనిపిస్తుంది. ఒకరితో ఒకరికి పరిచయం అక్కర్లేకుండానే ఇన్ని భాషలవాళ్ళు అదే చూసి అదే పేరు పెట్టారు. నా విషయానికి దీనితో పెద్ద సంబంధం లేదు గానీ, చెప్పకుండా వెళ్ళబుద్ధి కాలేదు.

ఇక ఆట. ఆడు అనే ధాతువుకు కదలడం, ఊగడం, నాట్యం చేయడం అన్నీ అర్థాలే. మాటాడు, పోట్లాడు అంటూ ఇతర మాటలకూ తోడు వెళుతుంది. గమనించాల్సింది వ్యాకరణం. పేరు బొమ్మలాట, బొమ్మలాడింపు కాదు. తెర ముందున్నవాడి లెక్కలో ఆడేవి బొమ్మలే. తెర వెనకున్నవాడు మాత్రం ఆడిస్తాను అంటాడు. ఒక్క ప్రేరణార్థక ప్రత్యయం తేడాతో ఈ పేరు ఏ పక్క నుంచి పుట్టిందో తెలిసిపోతుంది. ఇది ప్రేక్షకులు పెట్టిన పేరు.

ఈ ఊహకు ఇంకో ఆధారం ఉంది. మన తోలుబొమ్మలాట కుటుంబాల్లో చాలామంది ఇంటి భాష మరాఠీ మాండలికం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలోనైనా, కాకినాడ దగ్గర మాధవపట్నంలోనైనా తెర మీద తెలుగు, పొయ్యి దగ్గర వేరే భాష. అచ్చ తెలుగు పేరున్న ఈ కళను తరాలుగా మోస్తున్నవాళ్ళు తెలుగు నేర్చుకుని మోశారు. రంగనాథ రామాయణపు ద్విపదల్ని గొంతుపట్టి పాడింది వాళ్ళే. కన్నడ సీమలో ఈ కళాకారుల కులానికి కిళ్ళేక్యాత అని పేరు, ఆటలోని హాస్యగాడి పేరు కూడా కిళ్ళేక్యాతే. పాత్ర పేరు కులానికి వచ్చిందా, కులం పేరు పాత్రకు వచ్చిందా అని తగవుపడవచ్చు. మన కేతిగాడు ఆ క్యాతకు చుట్టమే. జుట్టుపోలిగాడు, బంగారక్క కలిస్తే ఆ ముగ్గురూ రావణుడి కొలువులో కూడా మన ఊరి సంగతులు మాట్లాడతారు.

ఇప్పుడు తెర వెనక్కి వెళ్దాం. తెల్లని పంచెలు రెండు కలిపి కట్టిన తెర, దాని వెనక దీపాలు. పూర్వం ఆముదపు దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఇప్పుడు బల్బు. ఆంధ్ర బొమ్మలు పెద్దవి, నాలుగైదు అడుగుల రాముడు అరుదేమీ కాదు. నడుమ నిలువునా చీల్చిన వెదురుబద్ద బొమ్మను పట్టుకుని ఉంటుంది. భుజం, మోచేయి, మెడ, తొడ, మోకాలు విడివిడిగా కత్తిరించి దారపు ముడులతో కలుపుతారు. చేతులు ఆడించడానికి వేరే పుల్లలు. ఉలితో పొడిచిన సన్నని రంధ్రాలే నగలు: హారం, వడ్డాణం, కిరీటంలోని రవ్వలు. ఆ రంధ్రాల్లోంచి వచ్చేది రంగులేని వెలుతురు, అందుకే నగ మెరుస్తుంది. ఆడించేవాడు బొమ్మను తెరకు అదిమి పట్టి కాళ్ళకింద చెక్కను తొక్కుతూ పాడతాడు. బొమ్మ తెరకు ఆనినంతసేపు అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. కాస్త వెనక్కి తీస్తే రంగు కరిగిపోతుంది. పాత్ర నిష్క్రమణ అంతే.

ముందు వైపు కూర్చుని చూడండి. కనిపించేది ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. హనుమంతుడి ఒళ్ళంతా పచ్చని వెలుగు. నీడ అంటే వెలుతురు ఆగిన చోటు కదా, ఇక్కడ వెలుతురు తోలులోంచి దాటి వస్తోంది. చూస్తున్నది తోలునే, తోలు గుండా చూస్తున్నాం. ఒడిశా బొమ్మలాట రావణఛాయ దీనికి సరిగ్గా ఎదురు. అక్కడి బొమ్మలు చిన్నవి, రంగులుండవు, కీళ్ళుండవు, జింకతోలులో కత్తిరించిన ఆకారాలు. తెర మీద పడేది నల్లని నీడే. వాళ్ళ పేరులో ఛాయ ఉంది. రంగున్నచోట తోలు, నలుపున్నచోట నీడ. లెక్క చక్కగా కుదిరింది.

కుదిరింది అనుకునేంతలో కేరళ అడ్డొస్తుంది. పాలక్కాడు, త్రిస్సూరు ప్రాంతాల్లో భద్రకాళి గుళ్ళ ముందు కూత్తుమాడం అనే ఆటశాలలో ఇరవై ఒక్క కొబ్బరిచిప్ప దీపాల ముందు కంబరామాయణం ఆడే తోల్పావకూత్తులో బొమ్మలు వెలుతురును పెద్దగా దాటనివ్వవు. రంధ్రాల మెరుపు తప్ప మిగతాదంతా నలుపే. అయినా పేరులో తోలే ఉంది, నీడ లేదు. కాబట్టి రంగుల వివరణ ఒక్కటే సరిపోదు. నాకు అది ఎంత ఇష్టమైనా సరిపోదు.

అప్పుడు మాస్టారి మూడో ప్రశ్న గుర్తు చేసుకోవాలి: పక్కన ఇంకే మాట ఉంది? కొయ్యబొమ్మలాట ఉంది. తెలంగాణలో దారాలతో ఆడించే కొయ్యబొమ్మలు నేటికీ ఉన్నాయి. కన్నడంలో తొగలు గొంబెయాట పక్కన సూత్రద గొంబెయాట ఉంది. బొమ్మలాట అనేది జాతి పేరు. ఊళ్ళోకి ఒక బృందం వచ్చిందంటే, ఏ బొమ్మలు అని అడుగుతారు. కొయ్యవా, తోలువా? ఆ ప్రశ్నకు జవాబుగా నిలిచిన విశేషణం పేరులో గడ్డకట్టింది. నీడ ప్రశ్నే రాలేదు, ఎందుకంటే నీడను వేరేదాంతో పోల్చి చెప్పాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. ఈ జవాబులో కవిత్వం తక్కువే, బలం మాత్రం ఎక్కువ. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి జాగరణను వర్ణిస్తూ రకరకాల ఆటల్ని వరసపెట్టాడు, బొమ్మలాట అందులో ఒకటి. అంత సందట్లో, ఇన్ని రకాల మధ్య, ఏది దేనితో చేసిందో చెప్పకపోతే కుదరదు.

సంస్కృతంలోకి వెళ్ళితే కథ ఇంకా చిక్కబడుతుంది. 1243లో గుజరాత్ అణహిల్లపాటకంలో సుభటుడి దూతాంగదం ఆడారు. ఆ నాటకం తనను తాను ఛాయానాటకం అని చెప్పుకుంటుంది. దాన్ని నీడల నాటకమని కొందరు, పూర్తి నాటకం కాదు దాని ఛాయ మాత్రమే, అంటే కుదించిన రూపమని మరికొందరు దశాబ్దాలుగా వాదించుకున్నారు. తెర, దీపం, బొమ్మ అని అందులో ఎక్కడా స్పష్టంగా లేదు. ఛాయ అన్న ఒక్క మాట మీద ఒక కళాచరిత్రను నిలబెట్టారు.

దీనికన్నా నాకు నచ్చిన సాక్ష్యం 17వ శతాబ్ది నీలకంఠుడిది. గోదావరి ఒడ్డు కోపర్‌గావ్ నుంచి వెళ్ళి కాశీలో స్థిరపడి, మహాభారతానికి భారతభావదీపమనే వ్యాఖ్య రాసినవాడు. శాంతిపర్వంలో రూపోపజీవనం అనే మాట వచ్చింది. అదేమిటో చెప్పడానికి ఆయన దక్షిణాదివాళ్ళలో జలమండపికగా ప్రసిద్ధమైన ఆటను చూపించాడు: సన్నని వస్త్రం అడ్డుపెట్టి, చర్మంతో చేసిన ఆకారాలతో రాజులు, మంత్రులు మొదలైనవాళ్ళ నడవడిని ప్రదర్శిస్తారని. చూడండి, ఛాయ అనే మాట చేతి దూరంలో ఉన్న సంస్కృత పండితుడు. ఆ మాట వాడలేదు. గుడ్డ చెప్పాడు, తోలు చెప్పాడు. చిన్నప్పుడు గోదావరి ఒడ్డున ఎక్కడో తెర ముందు కూర్చున్నవాడే అయి ఉంటాడని నా అనుమానం.

ఇక్కడే సూత్రధారుడి తగవు చెప్పాలి. 1900లో జర్మనీలో హాలే విశ్వవిద్యాలయం రెక్టరుగా రిషార్డ్ పిషెల్ చేసిన ప్రసంగం బొమ్మలాట పుట్టిల్లు గురించి. ఆ పుట్టిల్లు భారతదేశమే అన్నాడు. ఆయన చేతిలోని పెద్ద ఆయుధం సూత్రధార శబ్దం. సూత్రం పట్టినవాడు అంటే దారాలు పట్టి బొమ్మల్ని ఆడించినవాడు. బొమ్మలాట నుంచే సంస్కృత నాటకం ఆ పేరును తీసుకుంది, కాబట్టి నాటకం కన్నా బొమ్మలాట పాతది. రాజశేఖరుడి బాలరామాయణంలో నోట్లో చిలకను పెట్టిన సీత బొమ్మ మాట్లాడే ఘట్టం కూడా ఆయనకు కలిసొచ్చింది. ఆ వాదం వినసొంపైనది, మనకు గర్వకారణం కూడా. నాటకం మీద రాసే మన వ్యాసాల్లో ఇప్పటికీ అది సిద్ధాంతంలా తిరుగుతోంది.

కానీ సూత్రం దారమే అయినా, అది ఏ దారం? వడ్రంగీ శిల్పీ కొలతకు పట్టేదీ సూత్రమే. ఉత్తరాదిలో వడ్రంగుల్ని సుతార్, సుథార్ అనేది అందుకే. నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో రంగశాల కట్టేముందు నేల మీద కొలతతాడు లాగే తంతు ఉంది. ఆ తాడు ఎక్కడ తెగితే ఎవరికి అరిష్టమో కూడా చెప్పారు: సగానికి తెగితే శాల కట్టించే యజమానికే ముప్పు. అంత భయభక్తులతో తాడు పట్టినవాడికి సూత్రధారుడనే పేరు రావడంలో వింతేముంది? కీత్ 1924 నాటి తన సంస్కృత నాటక గ్రంథంలో ఈ పక్షానికే మొగ్గాడు, నేనూ అటే. మహాభారతంలో దారంతో ఆడే కొయ్యబొమ్మ ఉపమానం ఉన్నమాట నిజమే. దాంతో బొమ్మలాట పాతదని తెలుస్తుంది గానీ, సూత్రధారుడు అందులోంచి పుట్టాడని తెలియదు. పైగా తోలుబొమ్మ ఆడించేవాడి చేతిలో ఉండేది బద్దలూ పుల్లలూ. దారం ముడిలో మాత్రమే ఉంటుంది. ఆయన్ని సూత్రధారుడని సన్మానపత్రంలో రాస్తే ఆయన ఏమనుకుంటాడో!

ఆ ముడి మాత్రం మన భాషలో ఇంకో దారిన నిలిచింది. కీలు అంటే ముడి, అతుకు, మర, సంస్కృత కీలం. కీళ్ళనొప్పిలో ఉన్నదీ అదే, 1949లో వచ్చిన కీలుగుర్రం సినిమాలో ఉన్నదీ అదే. పత్రికల్లో ఇంకొకడి చేతిలో ఆడే ప్రభుత్వాన్ని కీలుబొమ్మ ప్రభుత్వం అంటారు. ఇంగ్లీషువాడి పపెట్‌కు మన విలేకరులు తోలుబొమ్మను ఎంచుకోలేదు. తోలుబొమ్మ అంటే రాముడు గుర్తొస్తాడు కాబోలు, తిట్టడానికి నోరు రాదు.

సినిమా వచ్చాక ఏమైందో చూడండి. దానికి తెర కావాలి, వెండితెర అన్నారు. రోజుకు నాలుగు ఆటలు అన్నారు, మొదటి ఆట, రెండో ఆట. సినిమా బాగుంటే బొమ్మ అదిరింది అంటున్నారు ఇప్పటి కుర్రాళ్ళు కూడా. బొమ్మా, తెరా, ఆటా మూడూ చీకట్లో వెలుతురు చూపించే కొత్త యంత్రానికి బదిలీ అయ్యాయి. ఇక్కడా నీడ రాలేదు.  

నిమ్మలకుంటలో ఈ కళను నిలబెట్టిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అదే ఊళ్ళో ఇవాళ చాలా ఇళ్ళలో తయారయ్యేది లాంప్‌షేడ్లు. అదే మేకతోలు, అదే ఉలి, అవే రంగులు, లోపల బల్బు. బొమ్మ ఉంటే ఉంటుంది, నెమలో చెట్టో అయినా సరే. ఆట లేదు. జింకతోలు 1972 వన్యప్రాణి చట్టంతో ఆగిపోయింది, రాత్రంతా ఆడించే ఒప్పందాలు టీవీలతో తగ్గిపోయాయి, ఎగ్జిబిషన్ స్టాలు మాత్రం అన్నం పెడుతోంది. తప్పు పట్టే హక్కు మనకు లేదు.

నా విన్నపం ఒకటే, అది ఈ నిధి పెద్దలకు. ఆ ఇళ్ళలో తోలు గీకే కత్తికీ, ఒక్కో సైజు ఉలికీ, ముడికీ, కాలికింది చెక్కకూ, రంధ్రాల వరసల్లో ఒక్కో తీరుకూ పేర్లు ఉన్నాయి. కొన్ని తెలుగు, కొన్ని ఇంటి మరాఠీ, కొన్ని ఎక్కడివో. వాటిని బొమ్మతో సహా, పనితో సహా రికార్డు చేసి పదకోశంగా అచ్చువేయించండి. వచ్చే ఏడాది ఈ వేదిక మీద ఉపన్యాసకుడి బదులు ఉలి పట్టినవాళ్ళనే కూర్చోబెట్టి, ఒక్కో పనిముట్టునూ చూపించి పేరు చెప్పమనండి. రాసుకోవడానికి నేను ముందు వరసలో కూర్చుంటాను.